తాళం వెనకాల ఉపన్యాసం

ఆ రోజుల్లో కోపం రావడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నాకు అయిదో తరగతితోనే వచ్చింది, ఎనభై దగ్గరపడుతున్నా తగ్గలేదు. బడి మానేశాక పల్లీల పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదువుకుని పెద్దవాడినయ్యాను (సగంలో చిరిగిన వార్త చదివితే కోపం రెట్టింపవుతుంది, మిగతా సగంలో ఏం దాచారోనని). అలా పోగేసిన కోపాన్నంతా మూటగట్టుకుని, ధవళేశ్వరం నుంచి సైకిలు తొక్కుకుంటూ రాజమండ్రిలో ఒక షావుకారు గారి రెడీమేడ్ బట్టల షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. గుడ్డ కొయ్యడం నా పని, కుట్టడం ఆడవాళ్ళ పని.

ఆ ఆడవాళ్ళకి పెద్దదిక్కు బర్మా అక్క. రంగూన్‌లో పుట్టిన మనిషి. అక్కడి సర్కారు మనవాళ్ళని పొమ్మంటే ఓడెక్కి, విశాఖలో దిగి, ఒక ట్రంకుపెట్టెతో మా ఊరు చేరింది. చెంపలకి గంధంలాంటిదేదో పూసుకుని మిషను తొక్కుతుంటే వీధిలో వాళ్ళు కిటికీలోంచి వింతగా చూసేవారు. ‘ఎక్కడినుంచో వచ్చి మా పనులు లాక్కుంటున్నారు’ అనేవాళ్ళు కూడా ఉండేవారు (కూలి కోసం ఓడలెక్కి వెళ్ళింది మన తాతలు కాదా? ఈ మాట అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను). ఆవిడ మాత్రం ఎవరితోనూ వాదం పెట్టుకునేది కాదు. కొత్తగా వచ్చిన పిల్లల చేత సూదిలో దారం ఎక్కించేది, ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వాళ్ళ పని తన మిషను మీదికి లాక్కునేది.

షావుకారు గారు చెడ్డవారు కారు, అనుమానం మనిషి. గుడ్డముక్కలు కొంగుల్లో దాటిపోతాయని పని వేళల్లో తలుపుకి బయట తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని తిరిగేవారు. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఇస్త్రీ పెట్టెలో నిప్పు జారి ముక్కల గుట్ట అంటుకుంది. అక్క మంచినీళ్ళ కుండ ఎత్తి కుమ్మరించబట్టి ఆరింది. పొగలో అందరం దగ్గుతూ తలుపు బాదుతుంటే, ఆయన తాపీగా మజ్జిగన్నం కూడా ముగించుకుని వచ్చారు. ఆ సాయంత్రం అక్క ఆయన ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

“రంగూన్‌లో ఇలాంటి తాళం వెనకాలే మా చెల్లి పోయిందండి. ఇక్కడ ఇంకొకళ్ళు పోకూడదు. తాళం తీసేసేదాకా మేం లోపలికి రామండి.”

మర్నాటినుంచి సమ్మె. ఉపన్యాసం బాధ్యత నేనే తీసుకున్నాను (ఎవరూ ఇవ్వలేదు). తెలిసిన పెద్ద మాటలన్నీ గుచ్చి నాలుగు పేజీలు రాశాను. అయితే షావుకారు గారి పేపరు ఊరికే చదవొచ్చని అందరికంటే ముందు షెడ్డుకి వెళ్ళడం నాకు అలవాటు. సమ్మె రోజు కూడా కాళ్ళు అలవాటు చొప్పున లోపలికి నడిచాయి. నేను పేపర్లో మునిగి ఉండగా షావుకారు గారు తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి, లోపలి గడియకే తాళం బిగించారు. ఆ విధంగా మొత్తం సమ్మెలో పనిలోకి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను.

ఆడవాళ్ళంతా ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, పరువు దక్కించుకోవాలని కాగితం తీసి మొదలుపెట్టాను. “సోదరీమణులారా, సంకెళ్ళు తెంచుకుని బయటికి రండి!”

“మేం బయటే ఉన్నాం తమ్ముడూ,” అంది అక్క. “నువ్వే రావాలి.”

అరుగంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. షావుకారు గారు నా చేతిలో కాగితం తీసి కత్తెర పెట్టారు. దసరాకి పూల జాకెట్లు అందించాలి. ఆ గుడ్డకి పువ్వులు ఒకవైపే ఉంటాయి. మామూలుగా అక్కా నేనూ కలిసి ఒక పొర మీదికి పువ్వులు, దాని పై పొర కిందికి పువ్వులు, ఇలా మొహాలు కలిపి పరిచేవాళ్ళం. అప్పుడే ఒక్క కోతకి జాకెట్టు కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ జతగా వస్తాయి. బావా బావమరుదులు మాత్రం అన్ని పొరలూ పువ్వులు పైకే పెట్టి, పూలపాన్పులా ముచ్చటగా పరిచారు. నేను నోరు తెరిచాను.

“ఉపన్యాసం చాలురా. నోర్మూసుకుని కొయ్యి,” అన్నారు షావుకారు గారు.

జన్మలో ఎవరి మాటా వినని నేను, ఆ ఒక్కసారి విన్నాను. కిటికీలోంచి అక్క వైపు చూశాను. ఆవిడకి పొరలు కనబడుతూనే ఉన్నాయి. ఏమీ చూడనట్టు పక్కావిడ జడ అల్లడం మొదలుపెట్టింది.

బావమరిదికి మిషను కాస్త వచ్చు. మొదటి చెయ్యి ముద్దుగా కూర్చుంది. రెండోది పెడితే పువ్వులు లోపలికి పోయాయి, తిరగేస్తే చంక మెలిపడింది. గుట్టంతా వెతికారు. కుడి చెయ్యన్నది ఒక్కటీ లేదు. షావుకారు గారు నా మీద విరుచుకుపడబోతుంటే అక్క కిటికీ దగ్గరికొచ్చింది.

“ఆడి తప్పు కాదండి, పరిచింది మీరే. ఇంకా గుడ్డ ఉంది కదండీ. పువ్వులు కిందకి పెట్టి కోయిస్తే కుడి చేతులొస్తాయి. సాయంత్రానికి జత చేసి కుట్టేస్తాం. తలుపు తియ్యండి.”

“ముక్కలు పోతేనో?”

“పోతే నన్నడగండి. మనుషులు పోతే ఎవర్నడగాలండి?”

ఆయన జతపడని చేతుల గుట్ట వైపు ఓసారి చూశారు. తరవాత మొలలోంచి తాళంచెవి తీశారు. అక్క లోపలికొస్తూ ఆయన చేతిలోంచి తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. తిరిగి ఇమ్మని అడిగే ధైర్యం ఆయనకి ఏనాడూ రాలేదు. నా ఉపన్యాసం కాగితం బావమరిది కాళ్ళకింద నలిగిపోయి ఉంటే ఏరుకున్నాను. ఆ తరవాత ఊళ్ళో ఏ కుట్టుషెడ్డుకి తాళం పడినా ఆవిడ గుమ్మంలో కూర్చునేది. నేను వెనకాల కాగితంతో నిలబడేవాణ్ణి. చదవాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు అక్క నిడదవోలులో మనవరాలి దగ్గర ఉంటోంది. చూపు ఆనడం లేదు. మొన్న వెళితే, “ఆ ఉపన్యాసం ఉందా తమ్ముడూ? ఇప్పుడు చదువు, తీరిగ్గా వింటాను” అంది. లేకేం, పర్సులోనే ఉంది. వీధి గోల వినబడకుండా తలుపు మూసి గడియ పెట్టాను. ఆ చప్పుడు వినగానే ఆవిడ తల తిప్పింది.

“తలుపు తీసుంచి చదవరా.”

బారుగా తీసి, గొంతు సవరించుకుని, “సోదరీమణులారా” అన్నాను. మొదటి పేజీ అయ్యేలోపే ఆవిడ నిద్రపోయింది. నేను ఆపలేదు. నాలుగు పేజీలూ నిలబడే చదివాను. తలుపు తీసే ఉంది కదా, దారినపోయేవాళ్ళెవరైనా వినకపోతారా అని.