రాగికి చదువు చెప్పిన ఝాన్సీ

మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఈ పొద్దున ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తున్నారు. నూనె చుక్క లేకుండా, ఉత్త పెనం మీద. ఆ వాసన మెట్లు దిగి మా పెరటి వసారాలోకి వచ్చేసరికి, గోనెపట్టా మీద పడుకున్న మా కుక్క రాగి తల ఎత్తకుండా ముక్కు మాత్రం ఎత్తింది. దానికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఝాన్సీ గుర్తొచ్చింది. భుజాన బట్టసంచీ, ఎండకు కమిలిన ముఖం, ఎప్పుడు చూసినా వేళ్ళకు అంటుకుని ఉండే నెత్తళ్ళ పొడి. ఆమె ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు, కాకినాడలో సొంతంగా కుక్కలకు శిక్షణ ఇచ్చే చోటు పెట్టుకుంది. కుక్కకు టీచరేమిటని నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమెను చూడనివాళ్ళు కాబట్టి నవ్వుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

రాగి మా ఇంటికి వచ్చింది కరోనా రోజుల్లో. పొలం గట్టున ఒంటరిగా తిరుగుతున్న కుక్కపిల్లను మా మురళి చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. రాగిచెంబు రంగు ఉందని ఆ పేరు పెట్టాను. అప్పుడు ఈ తమిళ ఊళ్ళో, మా నటేశన్ నగర్‌లో ఎవరి గేటూ తెరుచుకునేది కాదు. పాలప్యాకెట్టు కూడా గోడ మీద పెట్టి పోయేవాళ్ళు. నేను, మురళి, కోడలు సుజాత, మేం ముగ్గురమే ఆ కుక్కకు లోకం. లోకంలో ఇంకా మనుషులున్నారని అది తెలుసుకునే వేళకు వయసు వచ్చేసింది. ఎవరొచ్చినా మొదట వణికేది, తరవాత మొరిగేది, తప్పించుకునే సందు లేకపోతే పళ్ళు చూపేది. పొగరుబోతు కుక్క అన్నారు అందరూ. పొగరుకు తోక కాళ్ళ మధ్యకు పోదని నాకు తెలుసు.

మా ఇంట్లో నవరాత్రులకు బొమ్మల కొలువు పెడతాం. మా అత్తగారి అత్తగారి నాటినుంచి ఉన్న ఆనవాయితీ. సాయంత్రమయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళంతా వస్తారు, బొమ్మలు చూసి, కుంకుమ పెట్టించుకుని, సుండలు, అంటే శనగల గుగ్గిళ్ళు, పొట్లం పట్టుకుని పోతారు. ఒక ఏడు కొలువులో ఎదురింటి అలమేలు రాగిని ముద్దు చేద్దామని బిస్కెట్టు చూపిస్తూ గోడవారకు వెళ్ళింది. రాగి బిస్కెట్టు అందుకుంది, మరుక్షణం ఆమె చెయ్యి పట్టింది. గాయం చిన్నదే. సూదులు మాత్రం వేయించుకోక తప్పలేదు.

ఆ మర్నాడు మురళి నా దగ్గర కూర్చున్నాడు.

“అమ్మా, ఇంక నా వల్ల కాదు. ఇంకొక తూరి ఎవరి మీదన్నా పన్ను పడిందంటే దీన్ని పొలం కాడ మోటారు షెడ్డులో కట్టేస్తా. నువ్వు ఏడ్చినా సరే.”

“నేనెప్పుడు ఏడ్చినానురా?” అన్నాను. వాడి మాట తప్పని అనలేకపోయాను. మోటారు షెడ్డులో గొలుసుకు కట్టిన కుక్క ఎన్నాళ్ళు కుక్కగా ఉంటుందో కూడా నాకు తెలుసు.

కుక్కలకు శిక్షణ ఇస్తానని మొదట వచ్చింది ఒకాయన. గొలుసు, బెత్తం, నల్లకళ్ళద్దాలు. రాగిని చూడకముందే వారంలో మార్చేస్తానన్నాడు. మెడకు ఇనప ఉచ్చు వేసి రెండు లాగులు లాగేసరికి రాగి నేలకు అతుక్కుపోయింది. “చూడండమ్మా, అణిగిపోయింది,” అన్నాడు గొప్పగా. మా నాయన కోడెలను కాడికి అలవాటు చేస్తుంటే చూస్తూ పెరిగినదాన్ని నేను. కొట్టగా కొట్టగా కూలబడిన కోడెను మా నాయన అణిగిందనేవాడు కాదు, చెడిందనేవాడు. ఆ ఉచ్చు నా చేత్తోనే విప్పి ఆయన చేతిలో పెట్టి, కాఫీ ఇచ్చి పంపించేశాను. నాలుగో తరగతితో బడి మానేసినా, పని తెలిసినవాడెవడో తెలియనివాడెవడో పసిగట్టడం నాకు చేతనవును.

ఝాన్సీ పేరు చెప్పింది పశువుల డాక్టరమ్మ. యానాం పిల్ల, చదువుకోసం ఇక్కడికొచ్చి, బెంగళూరులో ఈ విద్య నేర్చుకుని, మా ఊళ్ళోనే లాస్‌పేటలో ఉంటోందని. ఫోను చేస్తే స్కూటరు మీద వచ్చింది. వచ్చింది గానీ గేటు దాటలేదు.

“లోపలికి రామ్మా. గేటు కాడ నిలబడితే వీధిలోవాళ్ళు ఏమనుకుంటారు?”

“ఏమీ అనుకోరండి. లోపల రాగి ఉంది కదండీ, ఆమె ఇంకా నన్ను రమ్మనలేదు. ఇవాళ్టికి ఇక్కడే మాట్లాడుకుందామండి మామ్మగారూ.”

మా ఇంటికి వచ్చిన మనిషి గేటు బయట నిలబడి కాఫీ తాగడం అదే మొదలు. ఎదురింటి అరుగు మీదనుంచి అలమేలు చూస్తూనే ఉంది.

“ఏంది పిన్నమ్మా, ఓటు అడిగేదానికి వచ్చిందా?”

“కుక్కకు చదువు చెప్పేదానికి వచ్చిందే.”

“అయ్యో పావం! నా మనవడికే ట్యూషన్ పెట్టలేదు నేను!”

ఝాన్సీ కూడా నవ్వింది, కానీ ప్రశ్నలు ఆపలేదు. ఎక్కడ పడుకుంటుంది, ఎవరిని చూస్తే ఎంత దూరంలో బిగుసుకుపోతుంది, తినేటప్పుడు ఎవరైనా వస్తే తినడం ఆపేస్తుందా. పెళ్ళిసంబంధానికి కూడా ఎవరూ అంత ఆరా తీయరు. ముందు ఒంట్లో ఏ నొప్పీ లేదని డాక్టరమ్మ చేత చెప్పించుకు రమ్మంది. “చెవిపోటో పంటిపోటో ఉంటే నా చదువు పనిచెయ్యదండి,” అంది. అప్పుడు నేను ఒకే మాట అడిగాను.

“ఎన్నాళ్ళకు బాగవుతాది?”

“చెప్పలేనండి. చెప్పేవాళ్ళు దొరికితే వాళ్ళని నమ్మకండి.”

ఆ మాటతో ఆమెను కుదుర్చుకున్నాను.

చదువంటే కూర్చో, లే, చెయ్యి ఇవ్వు అని అనుకున్నాను. ఝాన్సీ రాగికి అవేమీ నేర్పలేదు. ముందు మాకు నేర్పింది. వచ్చినవాళ్ళు దాని కళ్ళలోకి చూడకూడదు, చెయ్యి చాపకూడదు, పక్కకు తిరిగి కూర్చుని వాళ్ళ పని వాళ్ళు చేసుకోవాలి. ఇంటికి వచ్చినవాళ్ళకు ఎదురుపోయి “రండి రండి” అనడమే మర్యాదని పెరిగిన ఇల్లు మాది. వచ్చిన మనిషి ఇంట్లో ప్రాణిని పలకరించకుండా గోడవైపు చూస్తూ కూర్చోవడమా! కానీ మొదట ఒప్పుకున్నది కరిపించుకున్న అలమేలే. మునగాకు కట్ట తెచ్చుకుని మా పెరట్లో కూర్చుని ఆకు దూసేది.

“సుమ్మా, ఊరికే కూర్చోమంటే నాకంటే బాగా ఎవరు కూర్చుంటారు? మా అత్త బతికుంటే చూసి సంతోషపడేది,” అని గోడతో చెప్పేది.

ఆమె అలా కూర్చుంటే, ఝాన్సీ వేయించిన నెత్తళ్ళు తుంచి రాగి వెనక్కు విసిరేది. అలమేలు వైపుకు కాదు, రాగి వెనక్కు. రాగి తిరిగి పోయి అది తిని, దూరంనుంచి మళ్ళీ చూసేది. ప్యాకెట్లలో వచ్చే కుక్కతిండి కొనమననందుకు నాకు సంతోషమే గానీ, ఈ విసరడం మాత్రం మింగుడు పడలేదు.

“ఏమ్మా, అది పారిపోతాంటే నువ్వు బహుమానం ఇస్తాండావా? ముందుకు పిలవాల్సింది పోయి?”

“ముందుకు పిలిస్తే తిండి కోసం భయం చంపుకుని వస్తుందండి. తిండి అయిపోయాక, మనిషి ఇంత దగ్గరున్నాడేంటని భయం మళ్ళీ లేస్తుంది. అలమేలుగారి చెయ్యి అలాగే పళ్ళలో పడిందండి. వెనక్కి పోవచ్చని తెలిసిన కుక్కకి కరవాల్సిన పనుండదండి.”

నేను తర్కించేదాన్నే, ఆమె తగ్గేది కాదు. ఒకసారి “నీకేం భయమే, రా!” అని నేను రాగి మెడపట్టీ పట్టుకుని ముందుకు లాగితే, “వదలండి” అంది. అండి ఉంది గానీ గొంతులో అండి లేదు. మా ఇంట్లో నన్ను ఆ గొంతుతో అన్నవాళ్ళు లేరు. వదిలేశాను. పనిలో ఉన్న మనిషికి వయసు చూసి భయపడే తీరిక ఉండకూడదని ఆ రోజు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

వానలు మొదలయ్యేసరికి రాగి మారింది. అలమేలు వస్తే మొరగడం మానేసింది. కరెంటు మీటరు చూసే అతను వస్తే తానే లేచి పెరటి వసారాలోకి పోయేది. నాకు గర్వం పట్టలేదు. మార్కెట్లో, కోవిల్లో, కనబడిన ప్రతి మనిషికీ చెప్పాను. ఈ ఏడు కొలువుకు రండి, మా రాగి బొమ్మల ముందు ఎట్లా కూర్చుంటుందో చూద్దురు గానీ అని.

అమావాస్య నాడు ఇల్లు కడిగాం. మెట్లు కట్టి, పెట్టెలోంచి బొమ్మలు తీస్తున్నాను. సుజాత నెత్తళ్ళ పెనం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

“అత్తా, కొలువు దించేదాకా ఇంట్లోకి నీచు రాకూడదు గదా. మరి రాగికి?”

నా చేతిలో బొమ్మ చేతిలోనే ఉండిపోయింది. ఏ ఏడూ మరవని నియమం. రాగి చదువంతా నెత్తళ్ళ మీదే నడిచింది, ఇంటినిండా కొత్త మనుషులు వచ్చే రోజుల్లోనే ఆ నెత్తళ్ళు ఇంట్లోకి రాకూడదు. ఇద్దరు ఆడవాళ్ళం ఇంట్లో ఉండి, రోజూ ఆ పెనం తోముతూ, ఇది తలుచుకోలేదు. మురళి పక్కనుంచి వింటున్నాడు. వసారాలో ఉన్న రాగివైపు చూశాడు. ఆ చూపులో మోటారు షెడ్డు కనబడింది నాకు.

ఝాన్సీకి ఫోను చేసి చెప్పాను.

“తప్పు నాదండి. మా యానాంలో ఒకటో రెండో రోజులు మానేస్తాం, అంతే. మీ ఇంటి పండగ ఎలా ఉంటుందో అడక్కుండా మొదలెట్టాను. అడగాల్సింది నేనండి.”

మీరు చెప్పలేదని ఆమె అనవచ్చు. దేవుడికి తెలియదా, పెరట్లో వేసుకోండి అని నా నియమాన్ని తేలిక చెయ్యవచ్చు. రెండూ చెయ్యలేదు. ఆ సాయంత్రమే వచ్చి, వేరే దారి చెప్పింది. సుండలుకు ఉడకేసిన శనగల్లో ఉప్పూ తాలింపూ పడకముందు గుప్పెడు తీసి పెట్టాలి, వాటితో పాటు ఉడికించిన చిలగడదుంప. విడిగా వండే పని లేకపోవడం నాకు నచ్చింది. కానీ తరవాత అన్న మాట నచ్చలేదు.

“ఇవి రాగికి నెత్తళ్ళంత ఇష్టం కాదండి. అందుకని ఈ ఏడు ఆమె హాల్లోకి రాదు. వసారాలో ఉంటుంది, మధ్యలో అడ్డు పెడదాం.”

“రాకపోతే ఎట్లా? ఊరంతా చెప్పుకుంటినే!”

“చెప్పింది మీరండి. మీ మాట నిలబెట్టడానికి ఆమెకి పరీక్ష పెట్టను.”

కోపం వచ్చింది. కోపంతోనే అటకమీదనుంచి పాత ఉయ్యాలమంచం చట్రం దింపించి, వంటింటికీ వసారాకూ మధ్య అడ్డుగా కట్టించాను. కొత్తది కొనలేదు. ఝాన్సీ దాన్ని ఊపి చూసి, “గట్టిదేనండి,” అంది.

కొలువు రోజులు నడిచాయి. రాగి వసారాలో ఉంది, ఆడవాళ్ళు హాల్లో ఉన్నారు. “యాడ పిన్నమ్మా నీ పట్టభద్రురాలు?” అని అలమేలు అందరి ముందూ అడిగింది. సరస్వతీపూజ నాటి సాయంత్రం జనం ఎక్కువ. ఝాన్సీ కూడా వచ్చి, కుంకుమ పెట్టించుకుని ఒక మూల కూర్చుంది. అప్పుడు రాగి అడ్డు దగ్గరకు తానే వచ్చి నిలబడింది. బొమ్మలనూ చీరలనూ దీపాలనూ చట్రం సందుల్లోంచి, వంటింటి గుమ్మం మీదుగా చూస్తోంది. నా గుండె పొంగింది.

కొత్తగా వీధిలోకి వచ్చిన ఒకావిడ నీళ్ళు తాగడానికి వంటింట్లోకి పోయి, రాగిని చూసింది. ఎవరూ చెప్పేలోపే అడ్డు మీదుగా వంగి చెయ్యి చాపి, “అడడే, వా కన్ను, వా!” అని తమిళంలో రమ్మని పిలిచింది. రాగి బిగుసుకుపోయింది. పెదవి కొంచెం లేచింది. మురళి లేచి నిలబడ్డాడు. నా నోట్లో కేక సిద్ధంగా ఉంది. ఝాన్సీ నావైపు చూసి చెయ్యి మాత్రం కొద్దిగా కిందికి ఆడించింది. ఊరుకున్నాను. నా జన్మలో అంత కష్టంగా ఎప్పుడూ ఊరుకోలేదు.

రాగి ఆ చేతిని చూసింది. పెదవి దించుకుంది. వెనక్కు తిరిగి, తొందర లేకుండా నడిచిపోయి, తన గోనెపట్టా మీద పడుకుని పెద్దగా నిట్టూర్చింది.

“ఏమండీ, మీ కుక్కకు నేను నచ్చలే,” అంది ఆవిడ చిన్నబుచ్చుకుని.

“నచ్చకపోతే లేచి పోతాది మా రాగి. దానికి ఆ చదువు ఉండాది,” అన్నాను నేను. బొమ్మల ముందు కూర్చుని ఉంటే కూడా అంత గర్వంగా చెప్పేదాన్ని కాదు. ఝాన్సీ కళ్ళు తుడుచుకుంటోంది. మురళి మెల్లగా వచ్చి, శనగలు తీసుకుని వసారాలోకి విసిరి, “ఇది యాడికీ పోదులేమ్మా,” అన్నాడు.

ఝాన్సీ కాకినాడ పోయేముందు మాలాంటివాళ్ళు చాలామంది ఆమె కోసం లాస్‌పేటలో వరస కట్టారు. ఆ వరసలో సగం నేను పంపినవాళ్ళే. ఇప్పటికీ ఎవరైనా కుక్కకు టీచరెవరని అడిగితే, ఎన్నాళ్ళలో మారుస్తారో ముందే చెప్పేవాళ్ళను వదిలేసి, మీ ఇంటి పద్ధతులన్నీ అడిగేవాళ్ళను పట్టుకోమని చెబుతాను.

పోయిన కొలువులో ఒక సంగతి జరిగింది. హాలు నిండా జనం ఉండగా పెద్దవాళ్ళు సుజాతను పాడమన్నారు. ప్రతి ఏడూ అంటారు, ప్రతి ఏడూ నేను “పాడవే, ఏం సిగ్గు” అంటే, అది చెమటలు కక్కుతూ నేల చూస్తూ ఒక పాట అయిందనిపిస్తుంది. ఈసారి కూడా అది నావైపు చూసింది. నేను ముఖం తిప్పుకుని సుండలు పొట్లాలు కట్టుకుంటూ కూర్చున్నాను. సుజాత కాసేపు నిలబడి, నెమ్మదిగా వంటింట్లోకి పోయింది. లోపలినుంచి గిన్నెల చప్పుడు హాయిగా వినిపించింది.

అలమేలు నా చెవిలో అంది: “ఏంది పిన్నమ్మా, కోడలిని కూడా ఆ టీచర్ కాడికే పంపినావా?”

“కాదే,” అన్నాను, “చదువుకు పోయింది నేను.”