లైట్‌హౌస్ పైన మా అన్న

మా అన్నా వదినలు ఏడాదికి పైగా మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో తిన్నారు, ఒకే షెడ్డులో పనిచేశారు, మాట మాత్రం లేదు. సిరిసిల్లలో వాళ్లకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. అన్న వాటిని నడిపిస్తాడు, వదిన కండెలకు నూలు చుడుతుంది. నేను జగిత్యాలలో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఫోన్ చేస్తే చాలు, "మీ అన్నకు చెప్పు" అని ఆమె, "మీ వదినెకు చెప్పు" అని ఆయన. పక్క గదిలో ఉన్న మనిషికి బియ్యం అయిపోయాయన్న సంగతి జగిత్యాల నుంచి నేను చెప్పాలి! ఒళ్లు మండిపోయేది.

కారణం చిన్నదేమీ కాదు. గంభీరావుపేటలో వదిన వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు అన్న చేతిలో చీరల ఆర్డరుంది. "రెండు రోజులాగు, మాల్ ఇచ్చినంక ఇద్దరం పోదాం" అన్నాడు. తను బస్సెక్కితే కండెలు చుట్టే దిక్కుండదని వదిన ఆగింది. తెల్లారేసరికి ముసలామె పోయింది. గంట తోవ కూడా లేని ఊరికి సమయానికి వెళ్లలేక, వదిన తన తల్లి ఆఖరి మాట వినలేకపోయింది. అంత్యక్రియలన్నీ అన్నే దగ్గరుండి చేయించాడు. తప్పు నాదే అని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ మొండితనానికి నాకు పట్టరాని కోపం. కానీ నేను సిరిసిల్ల పోయినప్పుడు ఆయన ఒక్కడే కూర్చుని కంచంలో బువ్వ కెలుకుతుంటే చూడలేకపోయేదాన్ని. ఇద్దరూ నావాళ్లే, ఎవరిని తిట్టను?

మా ఇలవేల్పు ధర్మపురి నరసింహస్వామి. మన గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో కూడా నరసింహస్వామే ఉన్నాడు, అక్కడికి వస్తామని మొక్కుకున్నానని అబద్ధమాడి ఇద్దరినీ కారెక్కించాను. మొక్కూ లేదు, పాడూ లేదు. స్వామి ఆ మాత్రం క్షమిస్తాడులే అనుకున్నాను. కిరాయి కారు కోరుట్ల ఆయనది, నడిపేదీ ఆయనే. ఇంట్లో ఉర్దూ, స్టీరింగ్ పట్టుకుంటే మన తెలుగు. నేను ముందు సీట్లో కూర్చుని వాళ్లను వెనక కూర్చోబెడితే, వదిన మధ్యలో సంచి పెట్టుకుంది.

ధవళేశ్వరం ఆనకట్ట మీద అన్న నీళ్లకేసి చూస్తూ నన్నడిగాడు. "చెల్లె, గివి మన ధర్మపురి కాడి నీళ్లేనా?"

వదిన ఇటు తిరగకుండానే అంది. "మీ అన్నకు చెప్పు, నడిమిట్ల ఎన్ని కట్టలున్నయో. మన నీళ్లు గింత దూరం అస్తయా?"

డ్రైవరు నవ్వాడు. "అక్కా, నాకంటె నీకే డ్యూటీ ఎక్కువున్నది."

ద్రాక్షారామంలో మనుషులంతా శివలింగం కోసం మేడ ఎక్కుతుంటే, మావాళ్లు ఒక రాతి స్తంభం దగ్గర ఆగిపోయారు. దాని మీద చెక్కిన పువ్వు చీర అంచుకు పనికొస్తుందని అన్నకు తోచింది. వదినకూ అదే తోచింది. ఇద్దరూ ఆ మాట నాకే చెప్పారు. మీ దుంపతెగ, ఒకరికొకరు చెప్పుకుంటే నోరు పడిపోతుందా అని అరవబోయి, గుడి కదా అని ఊరుకున్నాను.

మర్నాడు అంతర్వేదిలో దర్శనమయ్యాక సముద్రం ఒడ్డునున్న లైట్‌హౌస్‌కు పోయాం. వదిన మోకాళ్లు మెట్లకు ఒప్పుకోవు. నేను ఆమెకు తోడుగా కింద ఇసుకలో కూర్చున్నాను. అన్న, డ్రైవరు ఎక్కారు. కాసేపటికి పైనుంచి డ్రైవరు ఏదో అరిచాడు. గాలికి, అలల హోరుకు ఒక్క ముక్కా వినిపించలేదు. అప్పుడు అన్న చేతులెత్తాడు.

మగ్గాలన్నీ నడుస్తుంటే షెడ్డులో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకే అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. చాయ్ తాగావా, కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, అన్నిటికీ సైగలున్నాయి. ఆ షెడ్లలో పెరిగినదాన్ని, నాకూ వచ్చు. అన్న ముందు చాయ్ తాగావా అని అడిగాడు. వదిన చూసి కూడా చూడనట్టు కొంగు సర్దుకుంది.

అన్న వేలితో ముక్కు పక్కన తట్టుకున్నాడు. వదిన వాళ్లమ్మకు పెద్ద ముక్కుపుడక ఉండేది. ఆమె సిరిసిల్ల వచ్చినప్పుడల్లా షెడ్డుకు అన్నం తెచ్చేది, అందుకని అందరూ ఆమెను ఆ సైగతోనే చెప్పుకునేవారు. తర్వాత అన్న అరచేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు. బట్ట పాడైనప్పుడు, ఇంకొకరు తిట్లు తినకముందే తప్పు చేసినవాడు అట్లా పెట్టుకుంటాడు. నాది, తప్పు నాది అని.

మళ్లీ ముక్కు, మళ్లీ ఛాతీ. మళ్లీ, మళ్లీ.

నా ఫోన్ మోగింది. పైనుంచి డ్రైవరు. "అక్కా, అన్న ఊకె ఛాతి పట్టుకుంటుండు! గుండెనొప్పేమో, దవాఖానకు తీస్కపోదామా?"

"ఏం గాలేదు. ఆయన జోలికి పోకు" అన్నాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

వదిన తలెత్తి అన్నను చూస్తోంది. కళ్లు తుడుచుకోవడం లేదు. చాలాసేపటికి చేయి పైకెత్తి, కిందికి ఊపింది. దిగి రా అని.

అన్న దిగి వచ్చాడు. ఆయాసపడుతూ ఎదురుగా నిలబడ్డాడు. చెప్పన్నా, చెప్పు అని నాలోపల నేనే గింజుకున్నాను. వదినే మొదలుపెట్టింది, నేరుగా ఆయనతో.

"ఆ రాత్రి నన్ను తోల్కపోనీకి మా తమ్ముడు బండి తీసిండట. అవ్వ వద్దన్నదట. 'అల్లుని చేతిల ఆర్డరున్నది, పిల్లల్ని తొందర పెట్టకు' అన్నదట."

అన్న నమ్మలేనట్టు చూశాడు. "గట్లన్నదా? నాకెవ్వలు చెప్పలే."

"నేనే చెప్పనియ్యలే. తమ్మునితోని ఒట్టు పెట్టించుకున్న. గా మాట ఇంటే నీ మనసు తేలికైతదని నాకెర్కే. తేలిక గావద్దనుకున్న."

అన్న ఇసుకలో కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. వదిన ఓదార్చలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, ఆయన పక్కన కూర్చుంది.