ఊరి చంకలో మా పిన్ని

ఆ రోజుల్లో, తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాడికి ఇంగ్లీషేం వస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. చేతిలో ఫోనుంది, ఫోనులో అర్థాలున్నాయి, ఇంకేం కావాలి? మా ఊరి చేపల మార్కెట్టుకి ఆటోలో ఐసు తోలేవాణ్ణి. ఐసు దింపాక చేపలమ్మే ఆడవాళ్లను నవ్వించడం నా రెండో ఉద్యోగం (మొదటిదానికంటే దీన్నే శ్రద్ధగా చేసేవాణ్ణి). ఒకరోజు, పట్నం నుంచి వచ్చిపోయిన పుణ్యాత్ముడెవరో మా మార్కెట్టు గురించి ఇంగ్లీషులో పెట్టిన రెండు వాక్యాలు ఫోనులో కనిపించాయి. ఇది ఊరికి చంక లాంటిదట, లోపలికెళ్తే ముక్కు రాజీనామా ఇచ్చేస్తుందట. గట్టిగా చదివి, అర్థం విప్పి చెప్పాను.

"ఊరికి చంకేంట్రా, నీ దుంపతెగ!" అంది చేపలు కోస్తున్న మా పిన్ని.

"వాళ్లంతే పిన్నీ. నచ్చని చోటుని ఒంట్లో ఏదో ఒకదానితో పోలుస్తారు."

"అయితే మన బస్టాండో?" అంది పక్కన రొయ్యలమ్మే మామ్మగారు.

"మోకాలండి. వానొస్తే చాలు, పనిచెయ్యదు."

"ఎమ్మార్వో ఆఫీసు?"

"వీపండి. ఎంత గోకుదామన్నా చెయ్యందదు."

అందరూ పగలబడి నవ్వుతుంటే పిన్ని అడిగింది, "మరి పొద్దస్తమానం చంకలో కూర్చునేవాళ్లనేమంటార్రా?"

"చెమటంటారు పిన్నీ!" అన్నాను చటుక్కున. మార్కెట్టు దద్దరిల్లింది. పిన్నీ నవ్వింది, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా. (ఆ ఆలస్యం గమనించాను కూడా. జోకు అర్థం కావడానికి పట్టిన సమయమనుకున్నాను.)

ఆ శనివారం పిన్ని కూతురి స్కూల్లో బహుమతులిచ్చే రోజు. పిల్ల ఏడో తరగతిలో ఫస్టొచ్చింది. ఆ స్కూల్లో బహుమతి తల్లి చేత ఇప్పించడం ఆనవాయితీ. పిన్ని చీర ఇస్త్రీ చేయించి అప్పటికే వారమైంది. తీరా ఆటో తీసుకుని వెళ్లేసరికి పాత చీరలోనే, తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. రెండుసార్లు స్నానం చేసిందట, నిమ్మచెక్కతో చేతులు తోముకుందట.

"నువ్వెళ్లరా. అక్కడందరూ దగ్గరదగ్గరగా కూర్చుంటారు."

"అదేంటి పిన్నీ! వాడెవడో మార్కెట్టునన్నాడు గానీ నిన్నన్నాడా?"

"వాడు మార్కెట్టునే అన్నాడ్రా," అంది పిన్ని, కోపమేమీ లేకుండా. "నన్నంది నువ్వు."

బతిమాలాను, కదల్లేదు. స్కూల్లో చెల్లి నన్ను కాదు, నా వెనక గేటు వైపే చూసింది. "అమ్మేదన్నయ్యా?" అంటే జ్వరమని చెప్పాను. "వారం నుంచీ అమ్మొస్తుందని ఒకటే చెబుతోందండి మీ పాప," అన్నారు టీచరుగారు. బహుమతి నా చేతే ఇప్పించారు. ఫొటో తీసేటాయన "కాస్త దగ్గరికి జరగండి" అన్నాడు. చెల్లి జరగలేదు.

ఆ ఫొటో ఇప్పటికీ పిన్ని ఇంట్లో గోడకుంది. మా ఇద్దరి మధ్యా సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు. ఆ చోటు పక్కన ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నిలబడ్డ కుర్రాణ్ణి చూస్తే నాకూ నవ్వొస్తుంది. పాపం, ఫొటో తీసేటాయన మీద వెయ్యడానికి అప్పటికే ఏదో మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగరా నాయనా అని చెబుదామనిపిస్తుంది. వినడు.