తోడల్లుడి కారు తలుపు

మా పెద్ద తోడల్లుడిది కళింగపట్నం. ఆ ఊరి ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. ఆయన కారు మాత్రం పదేళ్లయినా కొత్తదానిలా మెరిసేది. రోజూ పొద్దున్నే మంచినీళ్లతో కడిగి, తలుపుల అడుగు అంచు వెంట బొటనవేలు పోనిచ్చి చూసుకొనేవాడు. "మా బావని సూసి నేర్సుకోండి," అనేది నా భార్య. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి మేం వెళ్లినప్పుడు నా కారు తలుపు మీద ఆవగింజలంత తుప్పు మచ్చలు ఆయన వేలికి తగిలాయి. వెంటనే నేలమీద చతికిలబడ్డాడు. రేకు తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, ఆరాక సన్న కుంచెతో రంగు వేశాడు. తలుపు అడుగున మట్టితో పూడిన కన్నాలను చీపురుపుల్లతో పొడిచాడు. "నీళ్లు నిలబడిపోతే తుప్పు లోపల్నుంచి వస్తాది తమ్ముడూ," అన్నాడు.

చేతులు కడుక్కుని, "మా కారు కూడా ఓపాలి సూడు. ఈమధ్య నా కంటికి సరిగ్గా ఆనట్లేదు," అన్నాడు.

వెనక తలుపు రబ్బరు పక్కన ఒక మచ్చ ఉంది. దాన్ని చూడగానే నాకెంత సంతోషం కలిగిందో!

"ఏటీ లేదు అన్నయ్యా, అద్దంలా ఉంది," అన్నాను.

మరుసటేడు వెళ్లేసరికి అక్కడ రంగు ఊడి, రేకు చిల్లు పడింది. ఆయన దాని చుట్టూ వేలు తిప్పుతూ, "నీ కంటికీ ఆనలేదేటి తమ్ముడూ?" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. మర్నాడు నన్నూ శ్రీకాకుళం తీసుకెళ్లి, కంటి డాక్టరు దగ్గర తన పేరు కింద నా పేరూ రాయించాడు.

ఆ మంచితనానికి కూడా నేను కుళ్లుకున్నాను.