బాషా నాకు ముందే చెప్పాడు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే రెండు మాటల అబద్ధం. నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా.

కువైట్‌లో చదువుకునేటప్పుడు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు నేను కెప్టెన్‌ని. గోల్‌కీపర్ బాషా. మాది కడప, వాళ్లది రాయచోటి. కువైట్‌లో అబూ హలీఫా అనే పేటలో ఒకే బిల్డింగు. పై అంతస్తు వాళ్లది, కింద మాది. వాళ్లమ్మను అత్తా అని పిలిచేవాణ్ని.

మూడో ఏడాది రెఫరీ విషయంలో గొడవపడి మా జట్టు కాలేజీల లీగ్ నుంచి బయటికొచ్చేసింది. ఆ సీజనంతా మేం ఎవరికీ చెందని జట్టు. పాయింట్ల పట్టిక లేదు, కప్పు లేదు. మాతో ఆడండని నేనే ఫోన్లు చేసి బతిమాలేవాణ్ని. ఒక వారం ఏదో కంపెనీ కార్మికుల జట్టు, ఇంకో వారం ఇంకో కాలేజీ వాళ్ల రెండో జట్టు. లీగ్ మ్యాచ్‌లకైతే గ్రౌండ్ దగ్గర డాక్టరుండేవాడు. మాకు ఐసు డబ్బా ఉండేది, అంతే. అయినా గెలుస్తూ పోయాం. ఆఖరి మ్యాచ్ చూడ్డానికి లీగ్ కమిటీ వాళ్లు వస్తున్నారని తెలిసింది. నచ్చితే వచ్చే ఏడాది వెనక్కి తీసుకుంటారట. ఆ జట్టును నేనే నిలబెట్టానని నాకు లోపల గర్వం. దాన్ని ఎవరైనా చూడాలని ఆశ.

అంతకు ముందు మ్యాచ్‌లో ఎవరిదో మోకాలు బాషా తలకు తగిలింది. నవ్వుతూ లేచి ఆడేశాడు. ఐదు రోజుల తర్వాత, ఆఖరి మ్యాచ్‌కి బూట్లు కట్టుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

"రేయ్, తల పగిలిపోతాంది. బంతి రెండుగా కనపడతాంది. పొద్దున వాంతి కూడా అయింది."

"కోచ్ సార్‌కు చెప్పినావా?"

"లేదు. చెప్పాల్నా?"

"వద్దు. ఈ ఒక్కటి ఆడు. రేపు నేనే క్లినిక్‌కి తీసకపోతా."

నా మొహంలోకి చూశాడు. "సరేలే" అని గ్లౌజులు తొడుక్కున్నాడు.

ఎందుకలా అన్నాను? తెలియక కాదు. వాంతి అనగానే నాకు భయమేసింది. ఆ భయాన్ని పక్కకు నెట్టేసి, మా రెండో కీపర్ ఎంత పనికిరానివాడో, కమిటీ వాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఆలోచించాను. అంత త్వరగా మనిషి అలా మారిపోతాడా? లేక ముందునుంచీ నేను అంతేనా?

రెండో సగంలో కార్నర్ బంతి కోసం ఎగిరాడు. ఎవరి భుజమో తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కింద పడ్డాడు, లేవలేదు.

తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆపరేషన్ చేశారు. బతికాడు. కుడిపక్క చచ్చుబడింది. మాట ముద్దగా వస్తుంది. ఆ వారమంతా అతని జ్ఞాపకంలోంచి పోయింది. నాతో ఏం చెప్పాడో ఇప్పుడు బాషాకే తెలియదు.

ఆసుపత్రి వరండాలో మా కోచ్, ఈజిప్టు మనిషి, ఒక్కొక్కరినీ అడిగాడు. వాడు నీకేమైనా చెప్పాడా? అత్త నా ఎదురుగానే నిలబడి ఉంది.

"ఏం చెప్పలేదు" అన్నాను.

తప్పంతా కోచ్ మీద పడింది. దెబ్బ తగిలినవాణ్ని పరీక్ష చేయించకుండా ఆడించాడన్నారు. ఉద్యోగంలోంచి తీసేశారు. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఇఖామా, రద్దయింది. పెళ్లాం పిల్లల్తో దేశం వదిలి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా చేయి పట్టుకుని, బాషాను చూసుకోమన్నాడు. మరుసటి ఏడాది మమ్మల్ని లీగ్‌లోకి తీసుకున్నారు. నేను ఆడాను కూడా.

బాషా వాళ్లు ఇప్పుడు రాయచోటిలో ఉన్నారు. అత్తే స్నానం చేయిస్తుంది, అన్నం తినిపిస్తుంది. కువైట్ నుంచి సెలవుకు వెళ్లినప్పుడల్లా చూసొస్తాను. వేరే స్నేహితులెవరూ రారని, నేనొక్కణ్నే మనిషినని పోయినసారి అత్త కళ్లు తుడుచుకుంది. తల వంచుకుని ఆమె పెట్టిన అన్నం తిన్నాను. ఇప్పుడు చెబితే ఆమె మనసు ఇంకా విరుగుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అబద్ధం. ఆ ఇంట్లోకి మళ్లీ నన్ను రానివ్వరని నా భయం.

కోచ్ ఎక్కడున్నాడో తెలియదు. వెతకలేదు కూడా.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. బాషా నాకు చెప్పాడు. నేను విన్నాను. విని ఆడమన్నాను. ఇన్నేళ్లలో ఈ మాటలు నాలోంచి బయటికి రావడం ఇదే మొదలు. రాసిన కాగితాన్ని చింపేయలేదు.