బావని ముంచడానికి భిలాయి వెళ్ళాను

నేను భిలాయి వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. మా బావ క్షమించమని అడిగితే క్షమించనని చెప్పి రావడానికి. అంత దూరం దానికోసం వెళ్ళాలా అంటే, అలాంటి మాట ఎదురుగా నిలబడి చెబితేనే తృప్తి.

బావ పేరు సత్యానందం, మా చెల్లెలు ఎస్తేరు మొగుడు. స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. బొబ్బిలిలో నేను నానా తంటాలూ పడి రెండు గదుల ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం ప్రార్థన పెట్టుకుని, అందర్నీ భోజనాలకి కూర్చోబెడితే బంతి మధ్యలో నిలబడి, "ఏటి బావా, ఇల్లు కడతానని రైలుగేటు కేబిన్ కట్టించీసినావేటి?" అన్నాడు. బంతి బంతంతా ఒకటే నవ్వు. ఆ రోజునుంచి మా వీధిలో నాకు కేబిన్ మాస్టారనే పేరు. పోస్టుమేన్ కూడా అలాగే పిలుస్తాడు. అప్పట్నుంచి బావతో నాకు మాటల్లేవు.

తొంభైల్లో ఒక మార్చి నెలలో, నేను డ్రిల్లు మాస్టరుగా ఉన్న హైస్కూలుకి ఎస్తేరు ఫోన్ చేసింది. "అన్నియ్యా, ఆయన బాప్తిస్మానికి ఒప్పుకున్నారు. పెళ్ళయిన కాణ్ణుంచీ నేను చేస్తున్న ప్రార్థన ఇది. గొడవ పడినోళ్ళందరితోనూ సమాధానపడితేగానీ నీళ్ళలో ముంచనని మా సంఘం పాస్టరు అయ్యగారు అంటున్నారు. ఆదివారమే. నువ్వు రావాలి."

"వస్తాను. క్షమించేదీ లేనిదీ అక్కడ చూద్దాం" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఛాతీ రెండంగుళాలు పెరిగినట్టు అనిపించింది.

శుక్రవారం పొద్దున్న బొబ్బిలిలో రాయపూర్ పాసింజరు ఎక్కాను. పార్వతీపురం దాకా నిలబడే ప్రయాణం. అక్కడ సీటు దొరికింది, ఇడ్లీలూ దొరికాయి. రాయగడ దాటితే మంచి తిండి దొరకదు, వెళ్ళేవాళ్ళు పులిహోర కట్టించుకోండి. టిట్లాగఢ్ దగ్గర ఎండకి రైలు పెట్టె పెనంలా కాలిపోయింది. ఎదురు సీట్లో చరోదా రైల్వే కాలనీకి వెళ్తున్న ముసలమ్మ ఒకావిడ ఉంది, అక్కడ ఆవిడ కొడుకు పాయింట్స్‌మేన్. ఎందుకెళ్తున్నావు నాయనా అంటే మొత్తం చెప్పాను. చివరిదాకా విని, "ఛార్జీలెట్టుకుని మరీ అలకా! మా ఊర్లో ఇంట్లో కూకునే అలిగీవోరు" అంది.

రాయపూర్‌లో చీకటి పడ్డాక దుర్గ్ లోకల్ ఎక్కాం. కుమ్హారి దాటాక చరోదాలో ముసలమ్మ దిగిపోతూ, "క్షమిస్తే క్షమించు గానీ, కోడికూర ఎట్టినాకే క్షమించు" అని సలహా చెప్పి వెళ్ళింది. నేను పవర్ హౌస్ స్టేషన్లో దిగాను. బావ స్కూటరు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎలగున్నావు బావా?" అన్నాడు. "ఉన్నాను" అన్నాను. క్వార్టరు చేరేదాకా మా ఇద్దరి మధ్యా అంతే సంభాషణ.

ముసలమ్మ చెప్పినట్టే కోడికూర పెట్టారు. నేను మొహం గంటు పెట్టుకునే రెండోసారి వడ్డించుకున్నాను. శనివారం పొద్దున్నుంచీ సంఘం పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చేతులు పట్టుకుని బతిమాలారు. నా పెళ్ళిలో కూడా నాకంత మర్యాద జరగలేదు. మా మేనకోడలు నా ఒళ్ళో కూర్చుని, "మామాజీ, పాపాని మాఫ్ కర్ దో నా" అంది, వాళ్ళ నాన్నని క్షమించమని. దానికి తెలుగులో బతిమాలడం రాదు.

టిఫినయ్యాక బావ నా ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బావా, ఆ రోజు నానన్నది తప్పే. ఇల్లు కేబిన్‌లాగున్నా సరే, అలగ అనకూడదు."

"ఉన్నా సరే ఏమిటయ్యా? ఉన్నా సరే ఏమిటి?" అని నేను లేచిపోయాను. ఎస్తేరు తల కొట్టుకుంది.

బావ నెల్లాళ్ళుగా ఇదే పని మీద ఉన్నాడట. నోరు జారిన చోటల్లా వెళ్ళి తప్పయిందని చెప్పి వస్తున్నాడు. నేను కాక ఇంక ఒక్కడే మిగిలాడు, క్యాంప్ వన్ బస్తీలో టైలరు సింహాచలం. బావ ఎవరి ముందైనా తలవంచడం చూడాలని నేనూ స్కూటరెక్కాను. ఇరుకు సందులో అరుగుమీద మిషను పెట్టుకుని కుడుతున్నాడు సింహాచలం. శ్రీకాకుళం మనిషి.

"తమ్ముడూ, రేపు నదిలో నాకు బాప్తిస్మం, నువ్వు నన్ను మన్నించాల. నీ దగ్గర కుట్టించుకుంటే గుడ్డిచ్చి గోనెసంచి తెచ్చుకున్నట్టేనని ప్లాంటులో మా షాపులో అందరితోనూ అన్నాను" అన్నాడు బావ.

సింహాచలం మిషను ఆపాడు. "ఎప్పుడన్నావు?"

"నాలుగైదేళ్ళయింది."

"ఓలమ్మో! మీ క్రేన్ల షాపోళ్ళు ఒక్కడు కూడా నా కాడికి రాట్లేదు, ఏటి కారణమా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలుకొట్టుకుంటన్నాను. నీ పనా ఇది? రేపు నది కాడికొచ్చి మీ అయ్యగారితోనే చెప్తాను, ఈ మనిషిని ముంచకండని!"

చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు. బావ రెండు చేతులూ జోడించాడు, నోరు విప్పితే ఇంకేం అనేస్తాడోనని తనకే భయం వేసినట్టుంది. వెనక్కి తిరిగి స్కూటరు దగ్గరకొచ్చాడు. "నాకు ఈ బాప్తిస్మం రాసిపెట్టి లేదు బావా. నాకింక వద్దు. ఎస్తేరుకి నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ మాట ఆ పిల్లకి నేను చెప్పాలా? పొద్దున్నే, మొగుడు నీళ్ళలోకి కట్టుకోవలసిన తెల్ల లుంగీ ఉతికి ఆరేసుకుని, మాటిమాటికీ వెళ్ళి ఎండిందో లేదో ముట్టుకుని చూసుకుంటోంది. నా వల్ల కాదు.

తిరిగి అరుగు దగ్గరకెళ్ళాను. "సింహాచలం, నీది కుట్టు సంగతి. నాది ఇల్లు. నా జీతమంతా పోసి కట్టుకున్న ఇంటిని పదిమందిలో రైలుగేటు కేబిన్ అన్నాడు ఈ బావే. మా ఊరు ఊరంతా నన్ను కేబిన్ మాస్టారంటుంది. అయినా నేను మన్నించేశాను. నువ్వు మన్నించలేవా?" నా నోటితో ఆ పేరు చెప్పుకోవడం అదే మొదటిసారి.

సింహాచలం మిషను మీద వాలిపోయి నవ్వాడు. సందు సందంతా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "నీది నాకన్నా గట్టి దెబ్బ మాస్టారూ. సరే, ఒక షరతు. రేపు నీళ్ళలోకి నా కుట్టు తొడుక్కునే దిగాల" అని టేపు తీసి బావ భుజాలు కొలిచాడు.

స్కూటరు ఎక్కుతూ బావ, "అయితే నన్ను నిజంగా మన్నించీసినావా?" అన్నాడు. "చెప్పేశాక ఇంకేం చేస్తాను, పద" అన్నాను.

ఆదివారం ఆరున్నరకి సంఘమంతా ఒక మెటడోరు వ్యానులో సర్దుకుని పాటలు పాడుకుంటూ దుర్గ్ అవతల శివనాథ్ నదికి చేరాం. సింహాచలం ముందే వచ్చి, కొత్త తెల్ల జుబ్బా పట్టుకుని ఉన్నాడు. అయ్యగారు బక్కపల్చటి మనిషి. నడుం లోతు నీళ్ళలో నిలబడి, "ఈయన మీద ఎవరికైనా ఏమైనా ఉందా?" అని అడిగారు. అందరూ నాకేసి చూశారు. నేను నదికేసి చూశాను.

ముంచడం బాగానే జరిగింది. లేపేటప్పుడే, బావ బరువు ఆగక అయ్యగారు చెయ్యి పట్టి లాగితే, జుబ్బా చెయ్యి భుజం దగ్గర పర్రున ఊడి అయ్యగారి చేతిలోకి వచ్చేసింది. ఒడ్డున పాట ఆగిపోయింది. సింహాచలం మొహం పాలిపోయింది. బావ ఊడిన చేతికేసి చూశాడు, సింహాచలానికేసి చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. ఊపిరి పీల్చుకుని, "నీ కుట్టుకేటి తమ్ముడూ, బంగారం. అయ్యగారే మొరటుగా లాగీసినారు" అన్నాడు. అందరికన్నా ముందు అయ్యగారే నవ్వారు.

సోమవారం పొద్దున్న లోకల్ ఎక్కించడానికి ఎస్తేరు స్టేషనుకి వచ్చింది. బావ ఫస్టు షిఫ్టుకి వెళ్ళాడు. భిలాయిలో చూడవలసినవి చాలా ఉన్నాయట, నేనేమీ చూడలేదు. బండి కూత వేశాక ఎస్తేరు కిటికీ దగ్గరకొచ్చి, "అన్నియ్యా, జుబ్బా చిరిగినప్పుడు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఈ ఒక్క నిమిషం ఆయన నోరు కట్టెయ్యి ప్రభువా అని" అంది.

"ఒక్క నిమిషమే అడిగావా? ఇంకాస్త అడక్కపోయావా?"

"పదమూడేళ్ళు మొత్తంగా కట్టెయ్యమనే అడిగాను. నిన్న ఒక్క నిమిషం కట్టాడు. నాకది చాలన్నియ్యా" అని నవ్వింది.

బండి కదిలింది. ఎదురు సీటాయన ఎందాకా అని అడిగాడు. బొబ్బిలి అని మాత్రం చెప్పి, కుమ్హారి దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.