రోస్‌విథా స్టీరింగు పట్టిన రోజు

తూర్పు జర్మనీలోని ట్స్వికావు ఊళ్లో రోస్‌విథా ఏళ్ల తరబడి ట్రాము నడుపుతోంది. ఊళ్లో సగంమంది ఆమె బండెక్కే పనికి వెళ్తారు. ఇంట్లో ఉన్న ట్రాబంట్ కారు స్టీరింగు మాత్రం ఆమె చేతికి రాలేదు. పేరు రాయించుకుని పుష్కరం పైగా ఎదురుచూస్తే వచ్చిన కారు. మొగుడు ఎరెన్‌ఫ్రీడ్ దాన్ని పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవాడు.

"ట్రాముకి పట్టాలుంటాయి. దీన్ని మనసు కనిపెట్టి నడపాలి," అనేవాడు.

"నీ మనసే కనిపెట్టి ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను. దీనిదెంత?" అనేది ఆమె.

వేసవి సెలవులకి బాల్టిక్ సముద్రానికి బయల్దేరిన రోజు పందెం వేసుకున్నారు. ఆమె చేతిలో దారిలో ఒక్కసారి బండి మొరాయించినా తాళాలు అతనివే, మళ్లీ అడగకూడదు. సముద్రం దాకా చేరిస్తే ఆదివారం షికార్లన్నీ ఆమెవే.

రోస్‌విథా ట్రాబంట్‌కి కావాల్సినట్టు పెట్రోలులో ఇంజను నూనె కలిపి, ట్యాంకులో కొలపుల్ల ముంచి ఎంతుందో చూసుకుంది. ఎరెన్‌ఫ్రీడ్ బంగాళాదుంపల సలాడ్ గిన్నె ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. బండి నీలిపొగ వదిలి టకటకమంటూ కదిలింది.

రైలుగేటు పడింది. ఆమె ఇంజను ఆపింది. పొడుగాటి గూడ్సు తీరిగ్గా వెళ్లింది. గేటు లేచాక బండి మొదటి తిప్పుకే అందుకుంది. కొంత దూరం పోయి, దగ్గి, ఆగిపోయింది.

"అయిపోయింది పందెం. దిగు, ఇటొచ్చి గిన్నె పట్టుకో," అన్నాడు ఎరెన్‌ఫ్రీడ్ సంతోషం దాచుకోకుండా.

రోస్‌విథా దిగలేదు. పెట్రోలు అందక దగ్గిన దగ్గు అది. వంగి, అతని మోకాళ్ల వైపు డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టింది. పెట్రోలు కుళాయి కట్టేసి ఉంది; గొట్టంలో మిగిలినదాంతోనే బండి ఇంతదూరం వచ్చింది. ఇంజన్లోకి కారుతుందని, బండి పెట్టేశాక కుళాయి కట్టడం ట్రాబంట్‌వాళ్లందరికీ అలవాటే. రైలుగేటు దగ్గర కూడా కట్టే జాగ్రత్తపరుడు ఆ ఊళ్లో ఒక్కడే.

"ఎవరయ్యా కట్టింది?"

అతను సలాడ్ వైపు చూశాడు. "చెయ్యి దానంతటదే వెళ్లినట్టుంది."

వెనక కారులోంచి ఒకాయన తల బయటపెట్టాడు. "నెట్టమంటావా అమ్మా?"

"బండి బాగానే ఉందన్నా. నెట్టాల్సింది మా ఆయన్ని."

కుళాయి తిప్పింది. బండి అందుకుంది.

"ఆగిన మాట నిజమేగా," అని గొణిగాడు ఎరెన్‌ఫ్రీడ్.

"ఆపిన మాట నిజం."

ఆ తర్వాత సముద్రం దాకా బండి ఎక్కడా మొరాయించలేదు. ఇసుక అంచున ఆమె ఇంజను ఆపగానే అతని చెయ్యి కుళాయి మీదికి వెళ్లి, మధ్యలో ఆగింది.

"కట్టు," అంది రోస్‌విథా తాళాలు జేబులో వేసుకుంటూ. "ఇక నుంచి నీ పని అదే."